టీవీలో వేసిన దురాయి

“జేగంట యాడ నాయనా?”

మా కొడుకు శివశంకర్ అడగడం అది మూడోసారి. 

గోడకున్న మేకు వైపు చూశాను. ముప్పై ఎనిమిదేళ్లు ఆ మేకుకే వేలాడింది కంచు జేగంట. ఇప్పుడు అక్కడ గుండ్రటి తెల్ల మచ్చ ఒకటే ఉంది. చుట్టూ గోడ పొగచూరి నల్లబడింది కానీ, గంట వెనకాల మాత్రం సున్నం వేసినట్టే ఉంది.

“నువ్వు చెప్పబళ్లా. నేనే చెప్తా. నీ మనవరాలి కాడ ఉండాది. నిన్న సాయంత్రం నేను చూసినా, పాళెమంతా చూసింది, టీవీ ఉండే ప్రతివోడూ చూసినాడు.”

వాడు చేతిలోని డీజిలు క్యాను నేలకేసి కొట్టాడు. నిండు క్యాను. మూత ఊడి చాప మీద డీజిలు పారింది. మా కోడలు మాలకొండమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, ఒక్క మాట అనకుండా చాప చుట్టి బయట వేసింది.

మా గుమ్మంలో నిలబడితే ఒడ్డు కనిపిస్తుంది. తొమ్మిది కావస్తోంది. మామూలు రోజైతే ఆ వేళకు పడవలు తిరిగొచ్చి, ఆడవాళ్లు తట్టలు పట్టుకొని బేరాలకు గొడవ పడుతుండాలి. ఆరోజు నలభై రెండు ఫైబర్ పడవలూ ఇసుక మీదే ఉన్నాయి. గాలి బాగుంది. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. మగవాళ్లు పడవల నీడన కూర్చొని పేకాడుతున్నారు.

“మొబ్బులో, తెల్లారకముందే పోయి ఇంజిన్ దించండ్రా అంటే ఏమన్నారో తెలుసునా నీకు? ‘దురాయి ఉండాది గదన్నా’ అన్నారు. నేను నవ్వినా. వాళ్లు నవ్వలా.”

దురాయి అంటే మా పాళెం కట్టుబాటు. పెద్దలు కూర్చొని ఒక మాట అనుకుంటారు. నేను జేగంట మూడు దెబ్బలు కొట్టి నాలుగు వీధుల మొగల్లో, వీధి మొదలయ్యే చోట నిలబడి, ఆ మాట చాటుతాను. చాటినాక ఇక అంతే. పోలీసుల మాట దాటిన వాళ్లు మా పాళెంలో ఉన్నారు. దురాయి దాటిన వాళ్లు లేరు.

“టీవీలో పాటరా అది, పిల్లల పాట, అని చెప్పినా,” అన్నాడు శివశంకర్. “పాటైతే మన జేగంట ఎందుకు మోగిందన్నా అన్నాడు ఒకడు. నేనేం చెప్పేది? నువ్వు చెప్పు. నేనేం చెప్పేది?”

వాడు నడిపే పడవ వాడిది కాదు. పెద్దకాపు హజరత్తయ్యది. మా పాళెం కట్టుబాటు అంతా ఆయన నోటి నుంచే వస్తుంది. ఆ నోటికి గొంతు నాది.

ఆదివారం సాయంత్రం ఏం జరిగిందో నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. మా చిట్టి టీవీలో పాడుతోందని పాళెమంతా గుడి పక్క షెడ్డులో చేరింది. ఆ షెడ్డు రొయ్యపిల్లల కంపెనీ వాళ్లు కట్టించింది. హజరత్తయ్యే పెద్ద టీవీ తెప్పించి పెట్టించాడు. “మన పిల్ల, మన పాళెం పేరు,” అని ముందు వరసలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మా చిట్టి నెల్లూరులో డిగ్రీ మూడో ఏడు. బిట్రగుంట రైల్వే కాలనీ కుర్రవాడు బెన్హర్, కొడవలూరు రైతుబిడ్డ ప్రవీణ్, తను, ముగ్గురూ కలిసి ఒక బ్యాండు పెట్టారు. దానికి ‘కుళ్లుచేప’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని మాలకొండమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

టీవీలో రోజా రంగు చీర కట్టుకున్న యాంకరమ్మ నవ్వుతూ అడిగింది. “చిట్టీ, పంక్ మ్యూజిక్ అంటే ఏంటో మన ప్రేక్షకులకు చెప్తావా?”

“కోపం అండీ,” అంది మా చిట్టి.

“ఇంత చిన్న పిల్లకి అంత కోపమా?”

“మా తాత నేర్పించినాడండీ.”

షెడ్డులో అందరూ నా వైపు చూసి నవ్వారు. హజరత్తయ్య నా తొడ మీద చరిచాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్త బస్సు గురించి ఏదో పాట పాడతారని అంతకుముందే టీవీలో రాశారు. ప్రవీణ్ డ్రమ్ము కర్రలు పక్కన పెట్టాడు. కింద నుంచి గుండ్రంగా ఒకటి పైకి తీశాడు. కంచు మెరిసింది. ఒకటి. రెండు. మూడు.

మూడు దెబ్బలు వినగానే షెడ్డులో రెండు వందల మంది నోళ్లు మూతపడ్డాయి. మగవాళ్లందరూ తలకున్న తువ్వాళ్లు తీసి చంకలో పెట్టుకొని లేచి నిలబడ్డారు. పుట్టినప్పటి నుంచి అలవాటు. దురాయి చాటేటప్పుడు కూర్చోవడం మాకు రాదు. హజరత్తయ్య కూడా లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను.

అప్పుడు మా చిట్టి చాటింది. ఆ పిల్ల పాడలేదు. బెన్హర్ గిటారు రంపంలా కోస్తుంటే దాని మీద నా చాటింపు చాటింది. నేను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంది. నాలుగు నెలల కింద పాళెం వెలివేసిన అంకాలమ్మ పేరు పెట్టి చాటింది.

“వినండయ్యో వినండి. సముద్రం సాక్షి, కాలవ సాక్షి. అంకాలమ్మకు నీళ్లు లేవన్న నోరు, అనిపించిన నోరు, రెండు నోళ్లూ అంకాలమ్మ గడప ముందర దోసిలి పట్టి ఆమె చేతి నీళ్లు తాగేదాకా, ఈ పాళెం పడవ ఒక్కటి నీళ్లలో దిగగూడదు. దిగితే దురాయి. దురాయి. దురాయి.”

చివరి మాట అరిచేటప్పటికి బొమ్మ పోయి సబ్బు ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన అయిపోయేదాకా మేమందరం తువ్వాళ్లు చంకలో పెట్టుకొని నిలబడే ఉన్నాం.

*

బయట బైకు ఆగింది. బెన్హర్ వెనకాల నుంచి మా చిట్టి దిగింది. తలలో ఒక పక్క జుట్టు నున్నగా గొరిగించి ఉంది. నల్ల చొక్కా మీద తనే సున్నంతో గీసుకున్న చేప ముల్లు. భుజానికి సంచీ. రైలు దిగి నేరుగా వస్తోందని చూస్తేనే తెలుస్తోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వు పో,” అంది బెన్హర్‌తో.

“ఉంటాలే,” అన్నాడు ఆ కుర్రవాడు.

“పోరా సామీ, పో,” అన్నాడు శివశంకర్ గుమ్మంలో నుంచి. “మా ఇంటిని తగలబెట్టేసినారు. ఇంక మంట చూసేదానికి నిలబడబళ్లా.”

బెన్హర్ బైకు దిగలేదు. వెళ్లనూ లేదు. వేపచెట్టు కిందకు తోసుకుపోయి అక్కడ ఆగాడు.

చిట్టి లోపలికి వచ్చింది. సంచీలో నుంచి జేగంట తీసింది. తువ్వాలులో చుట్టి ఉంది. నా తువ్వాలే. మెల్లగా నేల మీద పెట్టింది.

“యాడిదే ఇది నీకు?” అన్నాడు శివశంకర్.

“ఈడిదే.”

“ఎవురిచ్చినారు?”

చిట్టి నా వైపు చూడలేదు. “ఎవురూ ఇవ్వలా. నేనే ఎత్తుకుపోయినా. తాత నిద్ర పోతా ఉంటే మేకు మీద నించి తీసుకున్నా.”

 గురువారం పగలు పదకొండు గంటలకు నేను నిద్రపోవడం లేదు. ఆ పిల్ల వచ్చి, “తాతా, ఒక్క నాలుగు రోజులు ఇస్తావా, పాటలో ఒక మోత కావాల,” అని అడిగింది. నేనే మేకు మీద నుంచి దించాను. చింతపండు వేసి రుద్దాను. మధ్యలో కొడితే మొద్దుగా మోగుతుందని, అంచుకు బెత్తెడు లోపల కొట్టాలని చూపించాను. నా తువ్వాలులో చుట్టి నా చేతులతో ఇచ్చాను.

“విన్నావా నాయనా,” అన్నాడు శివశంకర్. వాడి గొంతులో కోపం కొంచెం దిగింది. “ఎత్తుకుపోయిందంట. అది చాలు. ఎత్తుకుపోయిన గంట మోగితే అది దురాయి కాదు. ఉత్త మోత. షెడ్డు కాడికి పోదాం. ఇదే మాట చెప్పుదాం. ఇది పెద్దకాపు కాళ్లు పట్టుకుంటది. మధ్యాహ్నానికి పడవలు దిగుతాయి.”

వాడు చెప్పింది నిజమే. ఒకసారి నాకు నలభై రోజులు జ్వరం వచ్చింది. అప్పుడు పందొమ్మిదేళ్ల శివశంకర్ చేతికి గంట ఇచ్చాను. వాడు చాటిన దురాయికి పాళెమంతా తలవంచింది. గంటను చాటేవాడు తన చేత్తో ఇస్తే, దాన్ని కొట్టి ఎవరు చాటినా అది చాటేవాడి నోరే. తన చేత్తో ఇవ్వకపోతే, అది దొంగ గంట.

ఇచ్చానా, ఎత్తుకుపోయిందా. ఇక అంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

“కాళ్లు పట్టుకోను,” అంది చిట్టి.

“పట్టుకుంటావు.”

“నాలుగు నెలల నించి అంకాలమ్మత్త కుళాయి కాడికి పోతే నీళ్లు పట్టుకోనియ్యకుండా ఆమె బిందెలు తీసేస్తా ఉండారు అందురూ. మీరందురూ. రెండు మైళ్లు నడిచి వేరే పాళెంలో నీళ్లు తెచ్చుకుంటా ఉండాది. ఆమె చేసిందేంది నాయనా? కంపెనీ గొట్టం నీళ్లకు కాలవలో పీతలు చచ్చిపోతా ఉండాయని కలెక్టరాఫీసులో కాయితం ఇచ్చింది. అబద్ధమా అది? నీ కాళ్లకు ఆ పుండ్లు ఎందుకొచ్చినాయి?”

“మే, నోరు ముయ్.”

“మీ షెడ్డులో టీవీ చూసేదానికి ఆమెకు నీళ్లు ఆపినారు.”

శివశంకర్ చెయ్యెత్తాడు. మాలకొండమ్మ అంతవరకూ పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు మధ్యలోకి వచ్చిందో నాకు కనపడలేదు. మొగుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

“కొట్టబాకు,” అంది. “దాన్ని కొట్టాల్సింది నేను. బ్యాండుకు ఆ పేరు పెట్టినప్పుడే కొట్టుండాల. ఇప్పుడు టైము దాటిపోయింది.”

ఆమె చెయ్యి వదిలింది. వాడు చెయ్యి దించాడు. డీజిలు వాసనకు ఇంట్లో తల తిరుగుతోంది.

“పన్నెండుకు షెడ్డు కాడికి రమ్మన్నాడు పెద్దకాపు,” అని శివశంకర్ నాతో చెప్పి బయటకు పోయాడు.

*

నేనూ చిట్టీ మిగిలాం. మాలకొండమ్మ వెనకవైపు దొడ్లోకి పోయింది. పోతూ తలుపు దగ్గరికి వేసింది.

“నాకెందుకు చెప్పలా?” అన్నాను.

“చెప్తే ఇచ్చుందువా?”

“ఇచ్చుండను.”

“అందుకే చెప్పలా.”

గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కన గొరిగిన తల గోడకు ఆనిస్తే చల్లగా ఉంటుందేమో, కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు నేను చాటడానికి పోతే నా తువ్వాలు చివర పట్టుకొని వెనకాలే తిరిగేది. ఏ వీధి మొగలో ఆగాలో నాకంటే ముందు ఆగేది. నా మాటలన్నీ దానికి నోటికి వచ్చునని నాకు తెలుసు. అప్పుడు ముద్దుగా అనిపించేది.

“పెద్దకాపును అంత మాట అన్నావు,” అన్నాను. “ఆయన మీద కోపం ఉంటే ఆయన ఇంటి ముందర అరిచి ఉండొచ్చు గదా.”

“నాకు పెద్దకాపు మీద కోపం లేదు తాతా.”

“మరి?”

“ఆయన ఎట్టాంటోడో ఆయన అట్టే ఉండాడు. నా కోపం నీ మీద.”

నేను నేల మీది గంటను దగ్గరికి లాక్కున్నాను.

“అంకాలమ్మత్త మీద దురాయి చాటిన పొద్దు నేను ఇంటి కాడే ఉన్నా. నువ్వు చాటతా పోతుంటే వెనకాల వచ్చినా. నీకు తెలియదు. మూడు మొగల్లో మామూలుగా చాటినావు. నాలుగో మొగ అంకాలమ్మత్త ఇంటి ముందర. ఆడ నువ్వు ఇంకా గట్టిగా చాటినావు. ఆమె గడపలో నిలబడి ఉండాది. నీ సొంత చెల్లెలి కూతురు. ఆమె మొహం మీద చాటినావు, నీళ్లు లేవు, నిప్పు లేదు, మాట లేదు అని.”

“గొంతు వణికింది,” అన్నాను. “వణుకు బయటికి కనపడకూడదని గట్టిగా అరిచినా.”

“ఆమెకు వణుకు వినపళ్లా తాతా. అరుపే వినపడింది.”

 బయట బెన్హర్ గిటారు మీద ఏదో ఒకటే తీగ మీటుతూ ఉన్నాడు. ఆపరా నాయనా అని అరవాలనిపించింది. అరిస్తే నా గొంతు ఎట్టా ఉంటుందోనని అరవలేదు.

“మరి దొంగతనం నీ మీద ఎందుకు వేసుకున్నావు?”

“నువ్వు పాళెంలో ఉండాల. నేను నెల్లూరులో ఉంటా. దొంగ అంటే అనుకోనీ. నాకేం పోతది?”

“దొంగ గంట అయితే దురాయి చెల్లదు. నువ్వు చేసిందంతా ఉత్త మోత అయిపోతది.”

అది కళ్లు తెరిచింది. ఆ సంగతి దానికి తెలుసు. తెలిసే చెప్పింది. నా కోసం దాని పాటను అదే చంపుకుంది. దాని పెదవి అదురుతుంటే పళ్లతో పట్టుకుంది. నేను తల తిప్పుకున్నాను.

*

పన్నెండుకు షెడ్డు నిండిపోయింది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మధ్యలో ఆరుగురు పెద్దలు కుర్చీల్లో. టీవీకి గుడ్డ కప్పారు, చచ్చిన మనిషికి కప్పినట్టు.

హజరత్తయ్య తెల్ల పంచె, తెల్ల చొక్కా. మనిషి మంచి రంగు. కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

“ఏం పాపా, బాగా పాడినావు,” అన్నాడు చిట్టితో. “కళ్లు మూసుకొని వింటే మీ తాతే ఆడవేషం కట్టినట్టు ఉండె.”

కొందరు నవ్వారు. చిట్టి నవ్వలేదు.

“నేనే లేచి నిలబడినా,” అన్నాడు ఈసారి అందరితో. “నా కుర్చీలో నించి నేనే. నా వయసుకు ఒక సబ్బు ముందర తువ్వాలు తీసి నిలబడినా. మా తమ్ముడు చెన్నై నించి ఫోను చేసి నవ్వుతా ఉండాడు. సరే. అది నేను పడతా. నలభై రెండు పడవలు ఎందుకు పడాల? గాలి ఉండాది, చేప ఉండాది. దొంగ గంటకు జడిసి ఈ నా కొడుకులు పేకాడుతుండారు.”

“దొంగదో కాదో తేలనీ పెద్దకాపా,” అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన. “తేలకుండా దించితే రేపు ఎవురికైనా ఏదైనా అయితే?”

“అదే తేల్చేదానికి పిలిచినా.” హజరత్తయ్య నా వైపు తిరిగాడు. “రమణయ్యా. నీ మనవరాలు ఎత్తుకుపోయినా అని చెప్పిందంట. శివశంకర్ చెప్పినాడు. ఆ పిల్ల ఫోనులో ఒక వీడియో పెట్టాల, తెలియక కూసినా అని. మల్లా పాళెం పొలిమేర తొక్కగూడదు. అంతే. నేను ఇంకేం అడగలా. చిన్నపిల్ల. నువ్వు ఒక్క మాట చెప్పు, మనం లేచిపోదాం. ఎత్తుకుపోయిందా?”

శివశంకర్ నా వెనకాలే నిలబడి ఉన్నాడు. వాడి ఊపిరి నా మెడకు తగులుతోంది. “చెప్పు నాయనా,” అన్నాడు గొణుగుతూ. “ఎత్తుకుపోయిందని చెప్పు. అదే చెప్పింది గదా.”

మా చిట్టి మొదటిసారి నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది, ఎవరికీ కనపడనంత. వద్దని. ఏమి వద్దనో నాకు తెలుసు.

పాళెం పొలిమేర తొక్కకూడదు. ఆ మాట రేపు నాలుగు మొగల్లో చాటాల్సింది నేనే. దాని పేరు పెట్టి, దాని తల్లి వింటుండగా, ఇంకా గట్టిగా.

నేను తొందరగా మాట్లాడే మనిషిని కాను. మెల్లగానే చెప్పాను.

“నేనే ఇచ్చినా.”

“ఏందీ?”

“గురువారం పగలు. మేకు మీద నించి దించి, చింతపండేసి తోమి, నా తువ్వాల్లో చుట్టి, నా చేతులతో ఇచ్చినా. ఎట్టా కొట్టాలో కూడా నేర్పించినా.”

షెడ్డులో ఎవరో దగ్గారు.  శివశంకర్ ఊపిరి నా మెడ మీద ఆగిపోయింది. మళ్లీ రాలేదు. తిరిగి చూస్తే వాడు జనాన్ని తోసుకుంటూ బయటకు పోతున్నాడు. తలుపు దగ్గర ఆగి నా మొహం చూసి, ఇసుకలో ఉమ్మి, పోయాడు.

హజరత్తయ్య చెవులు ఎరుపు దాటి నల్లబడ్డాయి.

“అట్టయితే నువ్వే ఎత్తెయ్,” అన్నాడు. “గంట నీది. నోరు నీది. రెండు దెబ్బలు కొట్టి, దురాయి పోయిందని చాటు. ఇప్పుడే.”

“చెప్పిన షరతు తీరకుండా దురాయి ఎత్తడం నాకు తెలియదు పెద్దకాపా. ముప్పై ఎనిమిదేళ్లలో ఎత్తలా. ఎత్తమని నువ్వూ ఎప్పుడూ చెప్పలా.”

“అంటే? నేను దాని గడప ముందర దోసిలి పట్టాలనా?”

“అన్న నోరు, అనిపించిన నోరు. రెండు నోళ్లు అని చెప్పింది పిల్ల.”

“అన్న నోరు నీదే గదా,” అన్నాడు హజరత్తయ్య. కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వాడు కూడా. “నువ్వు ముందు తాగిరా మరి. తాగు చూద్దాం. మల్లా నా నోటి సంగతి చూసుకుందాం.”

“పో తాతా,” అన్నారు పడవల వాళ్లు ఇద్దరు ముగ్గురు. “పో, తాగు. ఒక గుక్క నీళ్లే గదా.”

ఒక గుక్క నీళ్లే. నేనూ అదే అనుకున్నాను. జేగంట చంకలో పెట్టుకొని బయలుదేరాను.

*

అంకాలమ్మ ఇల్లు దక్షిణం చివర, కాలవ గట్టు మీద. నాలుగు నెలలుగా ఎవరూ నడవక ఆ దోవలో గడ్డి మొలిచింది. నా వెనకాల జనం వస్తున్నారు. ఆ గడ్డి మొదలైన చోట అందరూ ఆగిపోయారు. ఆమె మీద నేను వేసిన దురాయి కూడా ఇంకా ఎవరూ ఎత్తలేదు కదా. హజరత్తయ్య మొగలో నిలబడ్డాడు, నడుం మీద చేతులు పెట్టుకొని. నాతో వచ్చింది చిట్టి ఒక్కటే.

తలుపు మూసి ఉంది. గడప పక్కన రెండు ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలు, వాటి మీద గుడ్డ కట్టి ఉంది.

పిలవాలి. పేరు నోట్లోకి వచ్చి ఆగింది. ఆ పేరు నేను చివరిసారి పలికింది చాటింపులో.

“అంకాలమ్మా.”

లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

“అంకాలమ్మా, నేనే. మామని.”

తలుపు తీసింది. నలభై ఐదేళ్ల మనిషి. ఈ నాలుగు నెలల్లో చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసింది. చంకలో గంటను చూసింది. గడప లోపలికి ఒక అడుగు వెనక్కి వేసింది.

“మల్లా ఏం వేసినావు మామా నా మీద?”

“నీ మీద కాదమ్మా. నిన్న టీవీలో...”

“నాకు టీవీ యాడిది? వైరు కోసేసినారు గదా మీరు. నిన్న సాయంత్రం షెడ్డు కాణ్నించి గంట వినపడింది. మూడు దెబ్బలు. మల్లా నా మీదే ఏందో పడిందనుకున్నా. తలుపేసుకొని కూచున్నా. ఇంక ఏముంది తీసుకునేదానికి, గాలి ఒకటే గదా మిగిలింది అనుకున్నా.”

చిట్టి ముందుకు వచ్చింది. “అత్తా, అది నేను కొట్టించినా. నీ కోసం...” అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. పడవలు ఆగిపోయిన సంగతి, రెండు నోళ్ల సంగతి, నీళ్ల సంగతి. చెబుతుంటే దాని కళ్లు వెలిగాయి. అంకాలమ్మ కళ్లు మాత్రం అట్టాగే ఉన్నాయి.

“నా పేరు చెప్పినావా టీవీలో?”

“చెప్పినానత్తా. లోకమంతా వినింది.”

“నన్నడిగినావా మే?”

చిట్టి ఆగిపోయింది.

“వాళ్లు నా పేరు వీధుల్లో అరిపిస్తే నన్నడగలా. నువ్వు టీవీలో అరిస్తే నన్నడగలా. నా పేరు ఏమన్నా కుళాయా, వచ్చినోళ్లంతా తిప్పుకొని పోయేదానికి?”

 

“పిల్లదేం లేదమ్మా,” అన్నాను. “తప్పు నాది. నీళ్లు పొయ్యి. తాగిపోతా.”

గంట కింద పెట్టాను. వంగి దోసిలి పట్టాను. నా నడుం వంగి చాలా రోజులైంది, నొప్పి పుట్టింది. 

అంకాలమ్మ లోపలికి పోయింది. బిందె మీద గుడ్డ విప్పకుండా, లోపల కడవలో నుంచే ముంచుకొచ్చింది. రాగి చెంబు. నా చెల్లెలు కాపురానికి పోయేటప్పుడు నేను కొనిచ్చిన చెంబు అది. గడప మీద నిలబడింది. నా దోసిలి మీదకు చెంబు వంచబోతూ నా భుజం మీదుగా దూరంగా చూసింది. పడవల వాళ్లను చూసింది. నడుం మీద చేతులు పెట్టుకున్న హజరత్తయ్యను చూసింది.

“ఈ నీళ్లు రెండు మైళ్ల నించి మోసుకొచ్చినా మామా,” అంది మెల్లగా. “రెండు మైళ్లు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. నాలుగు నెలలు.”

చెంబు పక్కకు జరిపింది. నా కాళ్ల ముందు ఇసుకలో పోసింది. తొందరేమీ లేకుండా, చివరి చుక్కదాకా.

“నీకు పోస్తే ఆయనకూ పొయ్యాల్సొస్తది. నాకింకా మనసు రాలా.”

నేను వంగిన నడుంతోనే తలెత్తి చూశాను. “ఎప్పుడొస్తది అంకాలమ్మా?”

“నాకు దురాయి ఎన్నాళ్లని చెప్పినావా నువ్వు?”

లోపలికి పోయింది. గడియ పడింది.

ఇసుక నీళ్లను పీల్చేసింది.  మొగలో నుంచి హజరత్తయ్య గొంతు వినపడింది. ఈసారి అందులో నవ్వు లేదు.

“తాగినావా రమణయ్యా?”

నా దోసిలి ఇంకా పట్టుకునే ఉన్నాను. ఖాళీగా ఉంది. నలభై రెండు పడవలకూ అది కనపడుతోంది.